తడిగుడ్డ

అయనావరం సిగ్నల్ దగ్గర
సరిగ్గా పన్నెండున్నరకి
నా పద్మిని మొరాయిస్తుంది.
ఎనభై ఆరు మోడలు. బూడిద రంగు.
కీల్పాక్ పళ్ళ డాక్టరు ఇరవై రెండు వేలకి అమ్ముతూ
"మంచి టార్చిలైటొకటి కొనుక్కోండమ్మా" అన్నాడు.
అప్పుడు నవ్వాను.

వెనక బస్సు గొంతు చించుకుంటుంది.
కుచ్చిళ్ళు ఎగదోపి దిగి
బానెట్ ఎత్తుతాను.
బోండాలమ్మే మునిరత్నం
అడక్కుండానే చెంబుతో నీళ్ళు తెస్తాడు.
గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద వేస్తాను,
జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు.
ఇరవై నిమిషాలు.
తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

"ఎండకి పెట్రోలు ఆవిరైపోతోంది."
అందరిదీ ఒకటే మాట. నాదీ అదే.
ముప్పై ఏళ్ళు బడి ల్యాబులో
బర్నర్లు వెలిగించినదాన్ని,
ఆవిరి సంగతి నాకొకరు చెప్పాలా?

పంపు విప్పాను.
పుదుపేటలో దస్తగీర్ కొట్లో,
చచ్చిపోయిన కార్ల చెవులూ ముక్కులూ
దండెం మీద వేలాడే చోట
గంటన్నర బేరమాడి డయాఫ్రం తెచ్చి వేశాను.
గొట్టానికి వంటింటి వెండిరేకు చుట్టాను.
కార్బురేటర్ని పేపరు మీద పరిచి
జెట్లలోకి నోటితో ఊది
మూడు రోజులు చారన్నంలో పెట్రోలు తిన్నాను.
పై వాటా రంగమన్నార్ బాల్కనీలోంచి
"కిలోల లెక్కన ఇచ్చెయ్యండి,
ఇనుం ధర బాగుందిప్పుడు" అన్నాడు.
జవాబివ్వలేదు.
పదో నంబరు స్పానర్ పళ్ళ మధ్య ఉంది.

నాలుగో రోజు. పన్నెండున్నర.
అయనావరం. మునిరత్నం. చెంబు.

ఆ రాత్రి కాంపౌండులోనే నిలబెట్టి
ఇంజన్ని ఆగేదాకా ఉడకనిచ్చాను.
నలభై నిమిషాలకి చచ్చింది.
టార్చి పట్టుకుంది ఎదురింటి తేన్మొళి, ఆరో క్లాసు.
ఈ మోతేంటని కేకలెయ్యడానికి
లుంగీలో దిగొచ్చాడు రంగమన్నార్.
"వచ్చారుగా, లోపల కూచుని తాళం తిప్పండి" అన్నాను.
ఏమనుకున్నాడో, కూచున్నాడు.

ప్లగ్గు వైరు ఊడబీకి
చెక్క క్లిప్పుతో పట్టుకున్నాను, ఇనుముకి ధాన్యపు గింజంత దూరంలో.
"టార్చి ఆర్పు."
"ఆర్పితే ఎట్లా కనిపిస్తుంది ఆంటీ?"
"ఆర్పితేనే."

నీలంగా, టప్పుమని దూకాల్సిన నిప్పు
తడిసిన బీడీలా
ఎర్రగా, బద్ధకంగా, ఉందా లేదా అన్నట్టు.
పెట్రోలుది కాదు తప్పు.
ఇన్నాళ్ళూ పొట్టనొప్పికి
మోకాలికి కట్టు కట్టాను.

కండెన్సర్.
చిటికెనవేలి కణుపంత డబ్బీ.
ఎండలో చేతులెత్తేస్తుంది,
చల్లారితే బుద్ధిగా పనిలోకొస్తుంది.
అంటే నయం చేసింది తడిగుడ్డ కాదు,
ఊరికే గడిచిన ఆ ఇరవై నిమిషాలు.
ఎంత కోపం వచ్చిందో ఆ గుడ్డ మీద!
మా అమ్మ పాత నూలు చీర ముక్క అది.
ఏం చేసిందని పాపం, తడవడం తప్ప.

నూట పది రూపాయలకి కొత్తది తెచ్చాను.
పాయింట్లని ఉప్పుకాయితంతో గీకి
ఫీలర్ గేజీ పెట్టి సందు సరిచూశాను.
రాత్రి మళ్ళీ టార్చి ఆర్పాం.
నీలం.
"మళ్ళీ ఒక్కసారి" అన్నాడు రంగమన్నార్
లోపల్నించి, స్టీరింగు వదలకుండా.
అక్కణ్ణించి నిప్పు కనబడదు. తేన్మొళి అరుపు వినబడుతుందంతే.

ఇవాళ అయనావరం.
పన్నెండు ముప్పై రెండు.
సూది పైకెక్కింది, ఎర్ర దీపం కింద
ఇంజను పిల్లి గురకలా
ఒక్క లయలో.
డాష్‌బోర్డు వెనక ఎక్కడో
కొత్తగా ఒక కిటకిట మొదలైంది. అది రేపు.

పచ్చ పడింది.
మునిరత్నం నన్ను చూసి
కత్తి కింద పెట్టి
అప్పటికే చెంబు ముంచేశాడు.
చెబుదామని అద్దం దించేలోగా
వెనక బస్సు తోసేసింది.

వెనక అద్దంలో
రోడ్డంచున నిలబడి,
నిండు చెంబుతో,
ఎవరి కోసం వచ్చాడో మరిచినవాడిలా.