వల కన్ను

జాలరిపేట సందులో నాలుగడుగుల కొట్టు నాది.
ఇదే అరుగు మీద మా నాన్న వల అల్లేవాడు,
వెదురు బద్ద మీద దారం తిప్పి
ఒక్కో కన్నూ కొలిచి.
"కన్ను పెద్దది పెట్రా, పిల్లసేప ఎల్లిపోవాల.
దాన్నొగ్గేయకపోతే
సముద్రానికి మనం అప్పున్నట్టే."

ఇప్పుడా అరుగు మీద
నేను రీచార్జులు చేస్తాను.

పొద్దున ఐదింటికి హార్బర్ నుంచి వచ్చే ఆడవాళ్ళు
తడి నోట్లు ఇస్తారు,
కానాగంత పొలుసు ఒకటి అంటుకుని ఉంటుంది గాంధీ చెవి దగ్గర.
"నెలకొద్దు బాబూ, ఈ రోజుకి సాలినంత ఎయ్యి."
ఐసు కొన్నట్టు కొంటారు,
ఎండెక్కేలోగా కరిగిపోతుందని తెలిసే.

సాయంత్రానికి మైలపల్లి దానమ్మ మనవరాలు
సగం పాఠంలో ఆగిపోయిన ఫోను పట్టుకుని
కొట్టు ముందు నిలబడుతుంది.
తెర మీద లెక్కల మాస్టారు
నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.
ఆ నోట్లోంచి తర్వాత ఏం వచ్చిందో
పంతొమ్మిది రూపాయలు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నా హాట్‌స్పాట్ ఇస్తాను. లెక్క రాయను.
గొప్పకి చెప్పడం లేదు.
హుద్‌హుద్ వెళ్ళిన వారం
మిద్దె నుంచి మిద్దెకి ఎక్కి
ఒక్క గీత సిగ్నల్ కోసం
ఆకాశంలోకి చెయ్యి చాపినవాణ్ణి నేనూ.
భీమిలిలో మా అక్క ఉందో లేదో
మూడు రోజులు తెలీలేదు.
ఆ మూడు రోజులూ పేటంతా
బియ్యం అడిగినట్టే అడిగాం:
ఒక్క కాల్, అన్నా, ఒక్క కాల్.

ఇంతవరకూ ఇది నా వ్యాపారం.

మొన్న ఆషాఢంలో తెడ్డు నూకాలమ్మ వచ్చింది.
జనం పలచబడేదాకా పక్కనే నిలబడింది.
కొంగు బిగించి, గొంతు తగ్గించి,
"నాకు సదువు రాదు. నా ఫోన్లో నువ్వే అడుగు" అంది.
ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ.
నొప్పి లేదు. నొప్పి లేకపోడమే భయం.
అడిగాను. అది చెప్పిందంతా చదివాను.
ఇద్దరం గోడకేసి చూస్తూ మాట్లాడుకున్నాం.

మర్నాటి నుంచీ ఆమె ఫోనులోకి
ఆసుపత్రులు వచ్చాయి.
ఆపరేషన్‌కి అప్పిచ్చేవాళ్ళు వచ్చారు.
జుట్టు రాలినవాళ్ళ విగ్గులు వచ్చాయి,
రాత్రి కొడుకు పాటలు పెడుతుంటే,
కోడలు పక్కన కూర్చుని ఉండగా.

కొట్టుకొచ్చి తిట్టలేదు. తిడితే బాగుణ్ణు.
"నీకొక్కడికే కదరా సెప్పాను."
"నేనెవరికీ చెప్పలేదు పిన్నీ."
"మరి నానెవరికి సెప్పినట్టు?"

రెండేళ్ళ కిందట
ఆ ఫోను అమ్మింది నేనే.
"నేను అంగీకరిస్తున్నాను" అన్న చోట
ఆమె వేలు పట్టి నొక్కించింది నేనే.
పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషులో.
అర నిమిషం కూడా పట్టలేదు.
రేషన్ మిషను గుర్తుపట్టని వేలు,
నలభై ఏళ్ళు చేపలు కోసి గీతలరిగిన వేలు
అక్కడ మాత్రం చెల్లింది.

కేజీహెచ్‌లో చూపించుకుందని విన్నాను.
డాక్టరమ్మ ఏమందో నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.
ఈ పేటలో ఆమెకింకా మిగిలిన తలుపు
అదొక్కటే. దాన్ని తట్టను.

నిన్న అటక దులుపుతుంటే
నాన్న వెదురు బద్ద దొరికింది.
పిచ్చివాడిలా ఫోను మీద పెట్టి చూశాను.
అద్దం నున్నగా ఉంది.
ఎటు తిప్పినా, పిల్లచేప
ఎల్లిపోయే చోటు లేదు.

"ఏటి మావా అది?" అంది దానమ్మ మనవరాలు.
కన్ను కొలిచేదన్నాను.
ఎవరి కన్ను, అంది.

రేపు దానికి పరీక్ష.
పాస్‌వర్డ్ అడిగింది.
చుట్టూ చూసి,
చెవిలో చెప్పాను.