ఎనిమిది సెకన్లు

మస్కట్‌ల నా పని నీళ్లు ఆపుడు.
పన్నెండేండ్ల సంది
పగిలిన పైపుల కాడ, చెమ్మ పట్టిన గోడల కాడ
చెవి ఆనిచ్చి వింట,
ఎక్కడ కారుతున్నదో, ఎంత కారుతున్నదో.

జులైల ఓదేలు బలవంతం జేస్తే
రాత్రంత బస్సుల కూసోని సలాలా దిగినం.
తొవ్వ పొడుగూత ఇసుక.
తెల్లారేసరికి ముసురు కప్పుకున్న పచ్చటి గుట్టలు,
జల్లెడ పట్టినంత సన్న తుంపర.

దర్బాత్ వాగు కాడ
ఎవ్వల ఫిర్యాదు లేకుండ
అంత ఎత్తుకెళ్లి ఇన్ని నీళ్లు కారుతున్నయి!
నా చెయ్యి ఊకెనే జేబుల రెంచి దేవులాడింది.
ఓదేలు చూసి పడి పడి నవ్విండు.

కెమెరా మా రూముల ఉండే రోమెల్‌ది.
"ఈ నల్లద్దం బిగియ్యి, షట్టర్ ఎనిమిది సెకన్లు తెరువు,
నీళ్లు పాలయితయి" అన్నడు.
స్టాండు బురదల దిగబడ్డది,
ఒక కాలు కింద నా చెప్పు పెట్టిన.
అద్దం మీద తుంపర.
తుడుస్త, మల్ల పడ్తది, బనీను అంచుతోని మల్ల తుడుస్త.

నీళ్లు నిజంగనే పాలయినయి.
కని మనుషులు లేరు.
మిష్కాక్ కాల్చే ముసలాయన లేడు, పొగ ఉన్నది.
ఉరికిన పిల్లలు లేరు,
ఎర్ర గీత ఒకటి, గొడుగు కావచ్చు.
చేతులూపిన ఓదేలు
మోకాళ్ల దాక ఉన్నడు, మీదికంత మంచు.
వాగుల నిలబడ్డ ఒంటె మాత్రం
ఉన్నదున్నట్టు, నెమరేసే మూతి తప్ప.

"నన్నెందుకు మాయం జేసినవ్ రా?"
"కదిలినవ్. కదిలినోడు దీంట్ల ఉండడు."
ఓదేలు కొంచెంసేపు మాట్లాడలే.
మూడు కంపెనీలు మారిండు వాడు, ఐదు క్యాంపులు.
ఏ గోడకు వాడు కొట్టిన మేకు ఇంక ఉన్నదో.

మల్ల పోయి రాయి మీద నిలబడ్డడు
ఊపిరి బిగవట్టి, చేతులు తొడలకు ఆనిచ్చి,
పాస్‌పోర్టు ఫోటోకు నిలబడ్డట్టు.
నేను లెక్కవెట్టిన.
ఐదు కాడ వాని రెప్ప మీద ఒక చుక్క ఆగింది,
ఏడు కాడ ఒంటె తల తిప్పింది.

ఓదేలు వచ్చిండు, అంగీ గుండీలతోని సహా.
ఒంటెకు రెండు తలలు.
ఇంటికి అదే పంపిండు.

ఆదివారం పొద్దున
అల్ ఖువైర్‌ల ఎవరిదో వంటింట్ల సింకు కింద
ఎల్లెలుకల పండుకున్న, టార్చి నోట్ల కరుసుకొని.
చుక్క. చుక్క.
రెంచి చేతులనే ఉన్నది.
ఎనిమిది దాక లెక్కవెట్టి
అప్పుడు బిగిచ్చిన.