పదకొండో గడి

కాగితంలో పదకొండో గడి కారణానిది.
వేలెడు పొడవు, అర వేలు వెడల్పు.
ఒక్క మాట పడుతుంది,
చిన్న అక్షరాలైతే రెండు.

ఆండ్రోయ్‌లో ఎండ అందరికంటే ముందే లేస్తుంది.
ఎర్ర గాలి రాత్రంతా చేసిన పని
గుమ్మాల ముందు కుప్పలుగా కనిపిస్తుంది.
తులియారా నుంచి రెండు రోజులు
లారీలో బస్తాల మీద కూర్చొని వచ్చాను.
నడుం పట్టేసింది. పెన్ను మాత్రం బాగానే ఉంది.

గుంత అంచున మసినాంబు, ఒళ్లో చంటిది,
పక్కన వులసువా.
వయసెంత అంటే తల్లి చేత్తో ఎత్తు చూపించింది.
మేకలన్నీ చచ్చిన ఏడాది నడక నేర్చింది, అంది.
తొమ్మిది అని రాశాను. ఎనిమిదీ కావచ్చు.

పిల్ల చేతిలో మొండి కత్తి,
పళ్ల మీద జెముడు కాయల ఎరుపు.
రాతి బిళ్లను ఉల్లిపాయలా పొరలు పొరలుగా విప్పుతోంది.
మంచిది ఇటు, పగిలింది అటు.
కళ్లతో పని లేదు, వేళ్లకే తెలుసు.
కాకిబంగారం అంటారు దీన్ని.
ఆ పేరు పెట్టినవాడు ఏ గుంతలోనూ దిగి ఉండడు.

కారణం? అని అడిగాను.
వినలేదేమో అనుకున్నాను.
కాసేపటికి వాన సంగతి ఎత్తింది.
మూడేళ్లు మబ్బు వచ్చిందట, చూసిందట,
బాకీ వసూలుకొచ్చినవాడు తాళం చూసి మళ్లినట్టు
మళ్లిపోయిందట.
వాన, అని రాశాను.

కొట్టెయ్, అంది.
వాన ఇంతకుముందూ ఎగ్గొట్టింది.
అప్పుడు మాకు ఆరు ఎడ్లుండేవి.
రెండు మా మామ చావుకి పోయాయి.
ఎద్దును కోయకుండా మట్టి చేస్తే
పైనున్న పెద్దలు అతన్ని పలకరించరు.
నాలుగింటిని తుపాకులవాళ్లు తోలుకుపోయారు.
ఠాణా ఉంది. ఠాణాలో జీపుంది.
జీపులో చమురు లేదు.
మా ఆయన నీలాలు తవ్వుతానని ఇలాకాకా పోయాడు,
కబురూ రాలేదు, మనిషీ రాలేదు.
బడా? ఉంది.
బడికి పుట్టిన కాగితం కావాలి,
కాగితానికి పట్నం పోవాలి,
పట్నానికి లారీ డబ్బులు కావాలి,
లారీ డబ్బులు ఇదిగో, ఈ గుంతలో ఉన్నాయి.
గుంత నోరు చిన్నది.
నా భుజాలు పట్టవు. దానివి పడతాయి.

ఈ చివరి మాట ఆమె కారణంగా చెప్పలేదు.
దర్జీ చొక్కా కొలత చెప్పినట్టు చెప్పింది.

నా రాత గడి దాటింది,
అంచు వెంట పైకి పాకి
పిల్ల పేరు దాకా వచ్చి ఆగింది.
వులసువా అంటే మంచి వెండి అట.

పొద్దు వాలాక కొనేవాడు వచ్చాడు.
రాక్షసుడేం కాదు, ఆగకుండా దగ్గుతున్నాడు.
రేవులో షావుకారికి తనూ బాకీయే.
షావుకారు ఒక ఫోను కోసం కాచుకుంటాడట.
ఫోనుకి అవతల భాష మారిపోతుంది,
అక్కణ్ణించి ఎవరికీ తెలియదు.
బస్తా తూచాడు. ముల్లు కాస్త ఊగి
వాడి వైపే ఆగింది.
రోజంతా వలిచిన పొరలకి
రెండు గ్లాసుల మొక్కజొన్న, ఒక క్యాను నీళ్లు.

పిల్ల నా ఒళ్లోని కాగితాల కట్ట వైపు చూసింది.
ఇవి కిలో ఎంతకి కొంటారు? అంది.
కిలో లెక్క కాదమ్మా, రోజు లెక్క, అన్నాను.
తల్లి వైపు తిరిగి నవ్వింది,
అంత తేలిక బేరం ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు.

ఆఫీసులో పెద్దాయన కళ్లజోడు పైకి తోసి
ఆ గడిని చాలాసేపు చూశాడు.
ఇంత రాస్తే కంప్యూటర్ తీసుకోదు.
పేదరికం అని పెట్టు. అందరికీ అదే పెట్టాం.

కొత్త కాగితం తీసుకుని అదే రాశాను.
సరిగ్గా పట్టింది.

పాతదాన్ని మడిచేటప్పుడు
దాంట్లోంచి సన్నటి మెరుపు పొడి రాలింది.
ఆయన బల్ల మీద ఉఫ్ అని ఊది
తర్వాతి కాగితం అడిగాడు.

ఆరు రోజుల కూలి సాయంత్రానికే ముట్టింది.
లారీ చార్జీలు విడిగా ఇచ్చారు.