కారిజంలో వాన

మొదట తూలింది మూడో దూడ.
వజ్రకరూరు అవతల పొద్దు గూకుతోంది.
దొడ్డి వాకిట్లో అడ్డంగా పడున్న కాడిమాను,
పగలంతా దాటి తిరిగిన అదే కాడిమాను,
అప్పుడు దానికి ఆనలేదు.

"దిష్టి మేడమ్," అన్నాడు దూదేకుల కుళ్ళాయప్ప.
దూడ మెడలో నల్లతాడు, తాడుకు పాత చెప్పు,
నుదుట పీర్లగుండం బూడిద.
కంటి ముందర చెయ్యాడించాను.
నీళ్ళు కారుతున్న కన్ను
నా చేతినీ చీకటినీ ఒకటే అనుకుంది.

పద్నాలుగు దూడలు. అన్నీ ఎనుబోతులే.
పాలమ్ముకునే ఇళ్ళలో మగవై పుట్టినందుకు
ముర్రుపాలు కూడా సరిగ్గా దక్కనివి,
తల్లి చేపేదాకా రెండు గుక్కలు కుడిపి
మూతి లాగి కట్టేసినవి.
ఇంటికొకటిగా ఏరుకొచ్చి సాకుతున్నాడు,
ఏడాదిన్నరకు ఇంత బరువు, ఇంత రేటని
నిద్రలో కూడా వేళ్ళు మడుస్తూ.

"మేతకేం తక్కువ?" అని వామి చూపించాడు.
శెనక్కాయ కట్టె. రెండేండ్లది.
గుప్పెడు దూసి వాసన చూశాను.
ఎండ దాంట్లోని ఆకును ఎప్పుడో తాగేసింది.
కడుపు నింపుతుంది గానీ
కన్ను నింపదు.

నాకు చేతనైన మాటల్లో చెప్పాను.
పచ్చిమేతలో ఒక రంగుంటుంది కుళ్ళాయప్పా,
లోపలికి పోయి విటమిన్ ఏ అవుతుంది.
కరువొస్తుందని మీ తాత పాతర్లో జొన్నలు దాచినట్లు
జీవం దాన్ని కారిజంలో దాచుకుంటుంది.
మూణ్ణెల్లు, నాలుగు నెల్లు తోడుకుంటుంది.
ఆ మీదట పాతర అడుగు గీకుతుంది.
అప్పుడు ఊరందరికంటే ముందు
దానికొక్కదానికే చీకటి పడుతుంది.
బొచ్చు గరుకెక్కుతుంది, ఎముక సాగనంటుంది,
పెట్టిన తౌడు ఒంటికి పట్టదు.

అంతా విని
"అంటే బరువు రాదంటావు," అన్నాడు.
అవునన్నాను.
ఇంత చెబితే ఆయనకు అందిన ముక్క అదొకటే.
తప్పు పట్టలేదు. వడ్డీ కట్టేది ఆయన.

గుంతకల్లులో కూర కొట్టే ఫకృద్దీన్‌కు
ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.
"పచ్చి మేసినదైతే పొద్దున కోసిన తునక
సందేల దాకా దానిమ్మగింజలా ఉంటుంది.
వట్టి కట్టె మేసింది
మధ్యాహ్నానికే ఇటుకరాయి."
దానికి విటమిన్ ఇ అని పేరుందన్నాను.
"పేరు మీదగ్గరుంచుకోండి మేడమ్,
రంగు నేను చూసుకుంటా," అని
కత్తి గోనెకు తుడుచుకున్నాడు.

సూదులు వేశాను. రాసుకున్నాను.
చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి పోతే
కుళ్ళాయప్ప కోడలు మాబున్ని, ఏడో నెల,
బిందె కోసం గాల్లో వెతుకుతోంది.
బిందె ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.

"మాపటేళ ఇంతే లేక్కా," అంది నవ్వి.
"మా అత్త కారిజం తినమంటాది.
పోయిన్నెల అమ్మిన దూడది ఒకటి తెచ్చినారు,
పులుసు పెట్టుకుని తిన్నా.
ఏం తేడా లేదు."

అత్త మాట తప్పు కాదు.
ఈ సీమలో రేచీకటికి అదే మందు
సూదులు పుట్టకముందు నుంచీ.
కానీ వాన పడలేదు, చేను పచ్చబడలేదు,
దూడ మేయలేదు, కారిజం దాచలేదు.
గీకిన పాతర్లో చెయ్యి పెట్టి
ఆమె మాత్రం ఏం తెచ్చుకుంటుంది?

నేను పశువుల దాన్ని.
అయినా ఆ రాత్రే నర్సమ్మకు ఫోన్ చేశాను.

కుళ్ళాయప్ప టమాటాకు పారే నీళ్ళలోంచి
రెండు మళ్ళకు గండి కొట్టి పిల్లిపెసర చల్లాడు.
పెండ్లాంతో గొడవ పడి మరీ.
మునగ కొమ్మలు విరిచి గాట్లో వేశాడు.
"బరువు కోసం," అన్నాడు
నేనడక్కుండానే.

నెల తిరగ్గానే పొద్దు గూకేవేళ పోయాను.
మూడో దూడ కాడిమాను దగ్గర ఆగి
ముందుకాలెత్తి, ఆలోచించి, దాటింది.
దాని వెనకే మునగాకు గంపతో మాబున్ని.
ఆగింది.
చెప్పు విడిచి పాదంతో తడుముకుందో,
కంటితోనే చూసుకుందో
నేనున్న చోటికి తెలియలేదు. దాటింది.

రిజిస్టరు తీశాను.
దూడకు గడి ఉంది. టిక్కు పెట్టాను.
రెండో దాన్ని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.