అదనపు గంట

పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కడతారు.
రెడ్డిరాణిని మూడేండ్లప్పుడు వాళ్ళమ్మ చెంగమ్మ
అక్కడికీ ఎత్తుకుపోయిందంట.
చేతులు తడిమి, కాళ్ళు తడిమి
"విరగంది యాడ కట్టేది తల్లీ" అని
గుడ్డ మడిచి పక్కన పెట్టేసినాడంట ఆ పెద్దాయన.

తిరుపతి పెద్దాసుపత్రిలో మాత్రం
డెబ్బై ఎనిమిది శాతం అని రాసిచ్చినారు.
"చూడండ్రా, మా పాపకు బడికి పోకముందే డిస్టింక్షను"
అని నవ్వేది చెంగమ్మ.
నవ్వి, ఆ కాగితాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టేది.

పదో తరగతికి అది బయటికొచ్చింది.
మూడు జిరాక్సులు, గెజిటెడ్ సంతకం, నాలుగు ఫోటోలు.
తల నిలవదు కదా,
స్టూడియో అబ్బోడు పదకొండు సార్లు నొక్కినాడు.
ఒక భాష వదిలేయొచ్చు,
ఇరవై వస్తే చాలు,
గంటసేపు ఎక్కువ,
రాసేదానికి ఒక మనిషి.
ఆ మనిషి తొమ్మిదో తరగతి దాటి ఉండకూడదు.
ఆమెకంటే తక్కువ తెలిసిన చెయ్యి కావాల.
తక్కువ తెలిసినోళ్ళకు మా బళ్ళో ఏం కొదవ?
అయినా ఏకాంబరం సారు నన్నే పట్టుకున్నాడు.
రెడ్డిరాణి మాట తెలిసేది
వాళ్ళమ్మ తర్వాత నాకే.

కదిలిపోయే బస్సు కిటికీలోంచి
ఎవరో పిలిచినట్టుంటుంది ఆ మాట.
సగం గాలికి పోతుంది,
సగం మనం పరిగెత్తి పట్టుకోవాల.

సంతకం మాత్రం ఆమే పెట్టాల.
పెన్నున్న చేతిని ఇంకో చేత్తో అణిచిపట్టి
ఐదు నిముషాలు.
గడి దాటి, కాగితం అంచు దాటి
బల్ల మీదికి పోయేది 'ణి' మీది గుడి.

మధ్యాహ్నం గంట కొడతారు.
వరండాలో వందల చెప్పులు,
"మూడోది ఏం రాసినావు మే" అనే అరుపులు,
రేణిగుంట వైపు పోయే గూడ్సు బండి,
ఆ తర్వాత ఉత్త ఫ్యాను.
మా గంట అప్పుడు మొదలు.

మేడమ్ క్యారియరు వైపు ఒకసారి చూస్తుంది,
మా వైపు ఒకసారి.
"ఇరవై చాలు కదా పాపా, ఇంకా ఏం చెప్తా ఉండావు?"
రెడ్డిరాణి మెడ తిప్పి
నాకొక్కదానికే తెలిసేటట్టు ఒక మాట అనింది.
దాన్ని నేను పేపర్లో రాయలేదు.

సైన్సు రోజు.
ఒళ్ళంతా తిరిగొచ్చిన చెడు రక్తం
గుండెలో ముందు ఏ గదికి చేరుతుంది? ఒక మార్కు.
"ఎడమ కర్ణిక."
నా పెన్ను నిలిచిపోయింది.
నెలరోజులు ఆమెకు చదివి వినిపించింది నేనే,
కుడి అని నాకు తెలుసు.
మేడమ్ కిటికీ బయట చూస్తా ఉంది.
రెండక్షరాలు. ఎవరికి తెలుస్తుంది?
రెడ్డిరాణి పెన్ను చూసింది, నా మొహం చూసింది.
"నే... చెప్పిందే... రాయి."
రాసినాను. ఎడమ.

సైన్సులో ముప్పై నాలుగు.

కన్సెషన్ పాసు అన్నారు వీధిలో.
ఇంకొక్కటి వచ్చుంటే అందరి లెక్కే కదా
అని చెంగమ్మ కూడా అనింది, ఒకే ఒకసారి.
వేసవంతా ఆ ఒక్క మార్కును
మామిడి జీడిలాగా నోట్లో పెట్టుకుని తిరిగినాను.
ఆఖరికి కక్కేసినాను:
"కుడి అని రాసుంటే పోయేది కదక్కా."
ఆమె నవ్వింది. నవ్వితే ఒళ్ళూ కుర్చీ కలిసి ఊగుతాయి.
"ముప్పై నాలుగూ నావే మే.
ముప్పై ఐదైతే
ఒకటి నీది."

మరుసటేడు నా పరీక్షలు.
గంట కొట్టినారు, అందరూ లేచినారు.
నేను కూర్చునే ఉన్నాను, ఎందుకో.
సారు వచ్చి కాగితం లాక్కునే లోపల
నా సంతకం కనిపించింది.
ఒక్క క్షణంలో పెట్టింది,
గడిలో బుద్ధిగా కూర్చుని ఉంది,
ఎవరిదో లాగా.