నలభై ఎనిమిది కిలోల లోపు

మిరపయార్డులో కాటా గుమస్తాని నేను.
టిక్కీ ఎక్కుతుంది, అంకె పడుతుంది, అరుస్తాను.
అమ్మినవాడూ కొన్నవాడూ
నా నోటికేసి చూస్తారు.
అంకెను నమ్మడం నాకు నేర్పినవాడు
లెక్కల మాస్టారు కాదు.

సంగడిగుంట మునిసిపల్ హైస్కూల్ వెనక
నీళ్ల ట్యాంకుకీ ప్రహరీకీ నడుమ ఒక గొయ్యి.
అందులో ఎర్రమట్టి, కోతమిషను పొట్టు,
దుగ్గిరాలలో ఎవరూ కొనని పుచ్చుకొమ్ముల పసుపు,
గానుగ అడుగున మిగిలిన నువ్వులనూనె.
ఇస్సాకు మాస్టారు ముప్పై ఒక్కేళ్లు
తెల్లారి అయిదింటికే ఆ మట్టిని పారతో తిరగేశాడు.
జీతం డ్రిల్లు మాస్టారిది.
కుస్తీ అన్న మాట
ఆయన ఆర్డరు కాగితంలో ఎక్కడా లేదు.

ఎండాకాలం గాలి మళ్లితే
యార్డు ఘాటు గొయ్యిలోకి దిగేది.
పట్టు పట్టినవాడూ పట్టులో ఉన్నవాడూ
ఒకేసారి తుమ్మేవాళ్లు.
"తుమ్మితే వదిలిపోయేది పట్టు కాదురా, షేకండు" అనేవాడు.

చెప్పిందల్లా ఒకటే పాఠం.
వాడి వీపుకి చెవి ఆనించు.
కండ అబద్ధం చెబుద్ది, ఊపిరి చెప్పదు.
అది ఎక్కడ తడబడిందో అక్కడ తిప్పు.
నేను ఆనించేవాణ్ణి. వినపడేది కూడా.
ఈలోపు వాడు నన్ను తిప్పేసేవాడు.

మస్తాను చెల్లెలు షాహీదా
అన్న నిక్కరు బిగించుకొచ్చి గొయ్యి అంచున నిలబడ్డ రోజు
హెడ్మాస్టరు మెమో పంపాడు.
దాని వెనకవైపు ఆ పిల్ల బరువు రాసుకుని
మాస్టారు నన్ను పిలిచాడు.
పదకొండు సెకన్లు.
ఇప్పుడు రైల్వేలో ఉందట, ఎన్ని మెడల్సో.
ఆమె చిత్తు చేసినవాళ్ల లిస్టులో
మొదటి పేరు నాది, ఎవరికీ తెలీదు గానీ.

పోటీల ముందురోజు మమ్మల్ని ఇక్కడికే తెచ్చేవాడు,
ఈ కాటా మీదికే.
టిక్కీకీ టిక్కీకీ మధ్య ఒక పిల్లవాడు.
"తేజానా మాస్టారూ, తాలుకాయా?" హమాలీలు నవ్వేవాళ్లు.
ఆయన నవ్వకుండా పుస్తకంలో రాసుకునేవాడు.

గొయ్యి పూడ్చి అదనపు గదులు కట్టారు.
పోయిన నెల ఆయనే వచ్చాడు
రిక్షాలో గోతం వేసుకుని.
"పాతపేపర్లోడి తూకం మోసంరా. నువ్వు చూసి చెప్పు."
ముప్పై ఒక్క రిజిస్టర్లు.
పద్నాలుగు కిలోలు, సరిగ్గా.

తాడు బిగిస్తూ ఒకటి తెరిచాను.
గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు.
పేర్లు, తేదీలు, బరువులు.
నా వరస: జూన్ ముప్పై ఎనిమిది. జూలై ముప్పై తొమ్మిది.
సెప్టెంబరు ముప్పై ఆరు.

ఆ సెప్టెంబరు నాకు తెలుసు.
జూట్‌మిల్లు లాకౌటు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.
మేం గంజిని మూడు పూటలకి పంచుకున్నాం.
అక్టోబరు ఒకటి నుంచి
గొయ్యిలో దిగే ప్రతివాడికీ రెండు ఉడికించిన గుడ్లు.
గవర్నమెంటు స్కీము అన్నాడు. నమ్మాం.
గవర్నమెంటుకి మొక్కి మరీ తిన్నాం.

ముప్పై ఆరు పక్కన పెన్సిలుతో ఉంది:
గుడ్లు, అందరికీ.
అందరికీ కింద గీత.

"మీరూ ఎక్కండి సార్" అన్నాను,
ఏదో ఒకటి అనాలి కదా.
నలభై ఏడు, ఎనిమిది వందలు.
"నలభై ఎనిమిది లోపేగా, పోటీకి పనికొస్తా" అంటూ దిగబోయి తూలాడు.
పట్టుకున్నాను.
నా చెవి ఆయన వీపుకి ఆనింది.

వినపడింది.

రిజిస్టర్లు నేనే తీసుకున్నాను.
యార్డులో చిత్తుకాగితాలు కావాలి సార్,
కిలో పన్నెండు అని చెప్పి
నూట డెబ్బై చేతిలో పెట్టాను.
వేళ్ల మీద లెక్క చూసుకుని
రెండు రూపాయల బిళ్ల
కాటా మీద పెట్టి వెళ్లాడు.