ఎరిస్ కంచం

పెళ్లికి పిలవాల్సినవాళ్లను మా నాయనమ్మ మిర్రినె
వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది.
కణుపులన్నీ అయిపోయాక
ఇంకొకతె ఉంది, అనేది గొంతు తగ్గించి:
ఎరిస్. కలహాల తల్లి.

"పిలవకపోయినా పేరంటానికొస్తుంది.
వస్తే ఊరికే పోదు.
ఒక్క పండు దొర్లించి పోయింది,
సముద్రానికి అవతల పట్నం పట్నమే బూడిదయింది.
ఓ ముద్ద పడేస్తే పోయేదానికి!"

అందుకని కరిస్తోస్‌లో మా అక్క పెళ్లినాడు
తలుపు వారగా ముక్కాలిపీట వేయించింది.
పీట మీద మట్టి కంచం. అంచు కాస్త పెచ్చూడింది.

"దేవతకి పెచ్చూడిన కంచమా?" అంది పిన్ని ఫానొ.
"మంచిది పెడితే మరుగుతుంది," అంది పెద్దమ్మ లైసిల్ల.
"నా పుట్టింటి కంచమనేగా పీటెక్కించావు!"
"నీ పుట్టింట కంచాలు కూడా ఉండేవా?"

బార్లీ రొట్టె చాలని ఒకరు, గోధుమదే పెట్టాలని ఒకరు.
సరే, ఆలివ్‌లు ఎవరి తోటవి?
బాబాయి ఖైరిప్పోస్ చెట్ల మాటెత్తాడు.
చెట్ల వెనకే గట్టు వచ్చింది.
గట్టు వెనకే
తాత పోతూ పోతూ ఎవరి చెవిలో ఏం చెప్పాడన్నది.
పిల్లనగ్రోవి అతను పెదవి తుడుచుకుని ఊరుకున్నాడు.
మగపెళ్లివారు నెమ్మదిగా చెప్పులు వెతుక్కున్నారు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. పీట పక్కనే నక్కి కూర్చున్నాను.
కంచం వైపు ఎవరూ చూడలేదు.
ఒక చీమ అంచు వెంట రెండు చుట్లు తిరిగి
పెచ్చు దగ్గర ఆగి
దిగిపోయింది.

రాత్రి పగిలిన కూజాలు ఊడుస్తుంటే అడిగాను:
రాలేదుగా నాయనమ్మా, కంచం అలాగే ఉంది?
"వచ్చిందే పిచ్చిదానా.
వేళ్లు మడిచి లెక్కపెట్టేటప్పుడే వచ్చింది.
కూర్చోలేదంతే. నిలబడే తినేసింది."

నాన్నా బాబాయీ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు.
ఇతను ఇరవై మొక్కలు నాటాడని తెలిస్తే
అతను ముప్ఫై నాటేవాడు, రాళ్ల నేలలో, నీళ్లు నెత్తిన మోసి.
ఆ కాయల నూనెతోనే
మా ఇంట్లో నలుగురి పెళ్లిళ్లయ్యాయి.
దీన్ని ఏ దేవత ఖాతాలో వేయాలో నాకిప్పటికీ తెలీదు.

మొన్న అటక దులుపుతుంటే కంచం దొరికింది.
మనవరాలు అంచు తడిమి చూసి,
ఎవరు పెచ్చూడగొట్టారు అవ్వా, అంది.

నేను కాదు,
అన్నాను. మరీ తొందరగా అన్నాను.